ఒకే రోజు, ఒకే తూకం

పోయిన మంగళవారం పోస్టులో ఒక కార్డు వచ్చింది. మూలలకు పసుపు లేదు. కరీంనగర్‌లో ఫీల్డాఫీసరు గారు కాలం చేశారని, పదో రోజు కార్యక్రమానికి రమ్మని ఆయన కొడుకు రాశాడు. అలాంటి కార్డును చదవగానే చింపేయాలంటారు. నేను రెండుసార్లు చదివి, ఆ తర్వాతే చింపాను.

ఆయన మాకు చుట్టం కాదు. సుమారు పదేళ్ల కిందట సిద్దిపేటలో మా బ్యాంకు బ్రాంచిలో పనిచేశారు, అంతే. అప్పు అడిగినవాళ్ల సరుకూ చేనూ చూసి వచ్చి రాయడం ఆయన ఉద్యోగం. నానమ్మ ఎవరినీ మెచ్చుకోదని నా మనవరాళ్లు అంటుంటారు. మెచ్చుకోదగిన మనిషి కనిపిస్తే మెచ్చుకుంటాను. కనిపించారు కాబట్టి రాస్తున్నాను.

మాది చింతపండు వ్యాపారం. మా ఆయన పోయాక కొట్టూ గోదామూ నేనే చూసుకున్నాను. మెట్రిక్ చదివినదాన్ని, లెక్కలంటే భయం లేదు. కోహెడ, జగదేవ్‌పూర్ వైపు నుంచి రైతులు కాయ తెచ్చి అమ్మేవారు. పాతికమంది ఆడవాళ్లు మా గోదాములో కూర్చుని పెంకు కొట్టి, గింజ తీసి, పండును బస్తాలకెత్తేవారు. ఫీల్డాఫీసరు గారు వచ్చిన ఏడు మా ఆయన స్నేహితుడొకాయన, దళారీ పని చేసే భాయ్, దుబాయి నుంచి పెద్ద ఆర్డరు పట్టుకొచ్చాడు.

"భాభీ, మన చింతపండు ఇగ ఓడ ఎక్కుతది. గాడ షేకులు పులుసు తాగుతరు!"

"షేకులు గాదు భాయ్, గాడికి పనికి పోయిన మనోళ్లు తాగుతరు," అన్నాను.

ఆర్డరు ఒక్కటే చాలదు. కాయ కొనాలి, కూలి ఇవ్వాలి, బొంబాయి రేవు దాకా లారీ కిరాయి కట్టాలి. పంటను విదేశాలకు పంపేవాళ్లకు సర్కారు బ్యాంకుల ద్వారా తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించేది. మంచి ఏర్పాటే. కాని దానికి పదకొండు ఫారాలు. ఒకటి నింపి ఇస్తే, రెండు మూడు రోజులకు ఇంకొకటి చేతిలో పెట్టేవారు. ప్రతి దాంట్లోనూ 'ఈనాటికి నిల్వ ఎంత' అనే ప్రశ్న ఉండేది. నెల రోజుల్లో పదకొండూ నింపాను, ఒక్క కొట్టివేత లేకుండా.

అవి హైదరాబాదు పెద్దాఫీసుకు పోయి తిరిగొచ్చాయి. పైన ఎర్రసిరాతో రెండు వాక్యాలు: బరువులు ఒకదానితో ఒకటి కలవడం లేదు. సరుకు ఉన్నదనే విషయమే అనుమానంగా ఉంది.

ఎండలు ముదురుతున్నాయి. ఎండకు చింతపండు నల్లబడితే దుబాయి వాళ్లు తీసుకోరు. ఓడ తేదీ దగ్గర పడుతోంది. ఆడవాళ్లకు రెండు వారాల కూలి ఆగిపోయింది. ఇన్ని ఉన్నా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు నిద్ర లేకుండా చేసింది ఆ 'అనుమానం' అన్న మాటే. అప్పటిదాకా నా రాతను అబద్ధమన్నవాళ్లు లేరు.

"భాభీ, మీరు నిజం జర తక్కువ రాయుండ్రి," అన్నాడు భాయ్. "అన్నిట్ల ఒక్కటే నంబరు ఏసేస్తే అయిపోతుండె."

"కాంట మీద జోకకుండ ఏసేటట్లయితే నేనెందుకు? నువ్వే ఏసుకో," అన్నాను. భాయ్ మూడు రోజులు మా కొట్టు మెట్లెక్కలేదు.

ఫీల్డాఫీసరు గారు బదిలీ మీద వచ్చింది ఆ వారమే. సన్నటి మనిషి, పాత స్కూటరు, జేబులో రెండు కలాలు. పరుపు మీద కూర్చోమంటే వినకుండా గింజల బస్తా మీద కూర్చున్నారు. చాయ్ సాసరులో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా ఆగేవారు. ఏ కాగితమైనా పెదవులు కదుపుతూ మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివేవారు. నావి పదకొండూ అలాగే చదివి తలెత్తారు.

"అమ్మా, మొదటి దాంట్ల నూటరెండు క్వింటాళ్లు. ఆఖరు దాంట్ల తొంభై తొమ్మిది. నడుమల ఏమన్న అమ్మిన్రా?"

"ఒక్క బుట్ట అమ్మలే."

"మరి మూడు క్వింటాళ్లు యాడికి పోయినయి?"

"గాలికి పోయినయి," అన్నాను కోపంగా. "కొత్త చింతపండు సారూ, దినాం ఎండుతది. ఫారం నింపినప్పుడల్ల సరుకంత జోకిచ్చిన. ఆ దినం ఎంతుంటే అంత రాసిన."

గింజలు తీసేవాళ్లలో పెద్దామె తలుపు దగ్గర నుంచి అందుకుంది. "అవు సారూ! పదకొండు మాట్ల జోకిచ్చింది. బస్తాలు ఎత్తి ఎత్తి మా నడుములు పోయినయి. జర ఈ అమ్మకు ఫారాలియ్యకుండ్రి, మీకు పుణ్యముంటది."

ఆయన చాలాసేపు నవ్వారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు: "మీరు పదకొండు సార్లు నిజమే రాసిన్రమ్మా. ఒక్కటే సంగతి పదకొండు దినాలు అడిగి, ఇప్పుడు అబద్ధమంటున్నది మేము."

మర్నాడు పొద్దున్నే పదకొండు కొత్త ఫారాలతో వచ్చారు. రోజంతా కాంటా దగ్గర నిలబడి, ఒక్కో బస్తా బరువు తాను చదివి, నన్ను రాయమన్నారు. సాయంత్రానికి అన్ని ఫారాల్లోనూ ఒకే తేదీ, ఒకే తూకం. ఆ తర్వాత తిరిగొచ్చిన పాత ఫారాలను చాప మీద పక్కపక్కన పరిచి, ముందొకసారి అడిగిన ప్రశ్న మళ్లీ కనిపించిన చోటల్లా పెన్సిలుతో కొట్టేస్తూ పోయారు. చివరికి తొమ్మిది ప్రశ్నలు మిగిలాయి.

"ఈ తొమ్మిదే అడిగితే ఒక్క కాగితం సాలు."

నాకు నచ్చలేదు. "ఒక్క కాగితమైతే ఎవడైన ఏమన్న రాస్తడు. సర్కారు పైసలు సారూ, ఆటనా?"

"పదకొండుంటే సర్కారుకు చింతపండు కనబడ్తున్నదా అమ్మా? కాగితాలే కనబడ్తున్నయి. ఒక్కటుంటే, నేను ఆ టైముల ఈడికొచ్చి సరుకు చూస్త."

ఆయన చెప్పింది నిజమే. ఆ రోజు మాత్రం ఒప్పుకోలేదు.

పది రోజుల్లో అప్పు మంజూరైంది. ఆడవాళ్ల కూలి ఇచ్చేశాను. మరుసటి ఏడు మా బ్రాంచిలో తొమ్మిది ప్రశ్నల కాగితం వచ్చింది, తెలుగులో టైపు చేసింది. దానికోసం గజ్వేల్ నుంచి కూడా చిన్న వ్యాపారులు వచ్చేవారు. ఆయన అన్న మాట ప్రకారం ప్రతివాళ్ల గోదాముకూ స్కూటరు మీద వెళ్లి, సరుకులో చేయి పెట్టి చూసేవారు. చూడకుండా ఎవరికీ సంతకం పెట్టలేదు. ఇద్దరు ముగ్గురిని ఒట్టి చేతులతో వెనక్కి పంపారు కూడా.

పదో రోజున కరీంనగర్ వెళ్లాను. ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది.

"పైవాళ్లను అడగకముందే ఆ ఒక్క కాగితం నడిపిన్రని మెమో ఇచ్చిన్రక్కా. రెండేండ్లు ప్రమోషన్ ఆపిన్రు. సిద్దిపేటల ఎవ్వలకు చెప్పొద్దన్నరు."

"ఎందుకమ్మా? నేను పోయి చెప్తుంటి గదా."

"అందుకే. 'ఆ అమ్మకు తెలిస్తే నాకోసం మల్ల పదకొండు నింపుతది' అన్నరు."

ఆ ఇంట్లో, ఆ రోజున, ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను నింపేదాన్నే. ఆయన నన్ను సరిగ్గానే అంచనా వేశారు.

తిరిగి వస్తుంటే బస్సులో ఆ మొదటి ఏడు లారీ బయలుదేరిన రోజు గుర్తొచ్చింది. ఆయన ఆ పొద్దున పని మీద రాలేదు, ఊరికే చూసిపోదామని వచ్చారు. ఓడకెక్కే బస్తాల మీద నల్లరంగుతో బరువు వేయాలి. అన్నింటికీ రేకు అచ్చుతో వేశాం. చివరి బస్తా నిండలేదు, దాని బరువు వేరు, చేత్తోనే రాయాలి. పెద్దామె కుంచె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"సారూ, ఆఖరుది మీరు రాయుండ్రి. మీ అక్షరం గూడ దుబాయి జూసొస్తది."

ఆయన నవ్వుతూ బస్తా ముందు గొంతుక్కూర్చున్నారు. బస్తా ఇంకా కాంటా మీదే ఉంది. తల కొంచెం తిప్పితే అంకెలు కనిపిస్తాయి.

"ఎంతమ్మా?" అన్నారు.

"నలభై ఏడున్నర."

ఆయన తల తిప్పలేదు. కుంచెను రంగులో ముంచి, అంచుకు ఒత్తి, గోనె మీద నిదానంగా నలభై ఏడున్నర వేశారు. ఆ రంగు ఆరకముందే హమాలీలు బస్తాను లేపి లారీలోకి అందించారు.