గాజు గదిలో చెప్పిన మాటలు

ఇంట్లో ఆమెను మొండిఘటం అంటారు. ఆ పేరు పెట్టింది అత్తగారు, ఖాయం చేసింది మొగుడు. తిట్టో పొగడ్తో వాళ్లకే తెలియదు. ఆమె మాత్రం పొగడ్త కిందే జమకట్టుకుంది.

మందుల ప్యాకింగ్ కంపెనీలో ఏళ్ల తరబడి హాజరు గుమాస్తాగా చేసింది. సాయంత్రం క్లాసులకు పోయి ఎంబీఏ పూర్తిచేసి, ఇప్పుడొక చిన్న కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతోంది. ఉద్యోగం తాత్కాలికం. పీహెచ్‌డీ వస్తే పర్మినెంటు చేస్తామన్నారు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు ఈ ఎండాకాలం చివరికి తీరిపోతుంది. ఆలోగా థీసిస్ చేతికివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలు.

ఆమె ఎత్తుకున్న ప్రశ్న సూటిగా ఉంటుంది. పనిలో తప్పు కళ్లెదుటే కనబడుతున్నా పనివాళ్లు పైవాళ్లకు ఎందుకు చెప్పరు? పుస్తకంలో దొరికిన ప్రశ్న కాదిది. మాత్ర పడని ఖాళీ స్ట్రిప్పులు పెట్టెల్లోకి పోతుంటే ప్యాకింగ్ ఆడవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకోవడం ఆమె ఎరుగును. హాజరు బల్ల దగ్గర కూచుని తానూ ఊరుకుంది.

అందుకే ఇంటర్వ్యూలకు ఆ పాత కంపెనీకే వెళ్లింది. మేనేజరు మర్యాదస్తుడు.

"బయటెక్కడో ఎందుకమ్మా? నా కేబిన్ వాడుకోండి. ఏసీ ఉంది, చప్పుడు ఉండదు" అన్నాడు.

ప్యాకింగ్ హాలు నడిమధ్యన నాలుగు వైపులా గాజుతో కట్టిన గది అది. ఆమె పొంగిపోయింది. పనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కుర్చీ అంచున కూచుని, ఫోన్ రికార్డరు వంక చూస్తూ జవాబులు చెప్పి వెళ్లారు.

ఇంట్లో భోజనాల బల్ల మీద ఆ రికార్డింగులు వింటూ టైపు చేసుకునేది. పక్కనే అత్తగారు బట్టలు మడతపెట్టేది.

"ఏదున్నా సార్‌కి చెప్పేస్తాం మేడమ్. సార్ మా మాట వింటారు."

"భయమా? ఎందుకు మేడమ్ భయం?"

అత్తగారు దుప్పటి దులుపుతూ అంది. "ఏమ్మా, ఒక్కళ్లకీ ఒక్క బాధా లేదా? నన్ను కూడా చేర్చుకోమను ఆ కంపెనీలో. ఈ ఇంట్లో నా మాట వినేవాడు లేడు."

"మీరు చేరితే మేనేజరు రాజీనామా చేస్తాడు అత్తయ్యా" అని నవ్వేసి టైపు చేసుకుపోయింది.

పీహెచ్‌డీ గైడుగారికి చిత్తుప్రతి నచ్చింది. "అందరూ ఒకే మాట చెప్పారంటే ఫలితం గట్టిగా ఉన్నట్టే. పైవాడు తలుపు తెరిచి ఉంచితే కిందివాడు నోరు తెరుస్తాడు. బాగుంది. ముగింపు రాసెయ్యమ్మా."

ముగింపు రాసే ముందు మాటలు సరిగ్గా ఎక్కాయో లేదో చూద్దామని రికార్డింగులు మళ్లీ పెట్టింది. స్ట్రిప్పులు సీలు చేసే మిషన్ ఆవిడ గొంతు వచ్చింది. "చెప్పకేం మేడమ్... ఒకసారి ఏమైందంటే, లైన్ ఆపమని..." అంతలో గాజు మీద టక్ టక్. టీ పంపించనా అని సైగ చెయ్యడానికి మేనేజరు గాజు తట్టిన చప్పుడది. ఆ తర్వాత అదే గొంతు, "ఏం లేదు మేడమ్, అంతా బాగానే ఉంటుంది."

వెనక్కి తిప్పి మళ్లీ వింది. నోరెందుకు విప్పరో తెలుసుకోవడానికి పోయి, పైవాడి కుర్చీలోనే కూచుని అడిగింది! మేనేజరూ సూపర్‌వైజర్లూ గాజు అవతల నిలబడి చూస్తుంటే! ఇంతకన్నా తెలివితక్కువతనం ఇంకోటి ఉండదు.

మళ్లీ మొదటినుంచి అడుగుతానంటే గైడుగారు తల పట్టుకున్నారు. "ఇప్పుడా? గడువు నెత్తి మీదుంది. ఉన్నదాంతో ముగించు. పరిమితులు అని ఒక పేరా రాసి వదిలెయ్."

"పేరాతో పోయేది కాదండి. తప్పు పునాదిలో ఉంది. నన్ను ఎవరైనా గట్టిగా ఒక్క ప్రశ్న వేస్తే నిలబడలేను."

"ఎవరూ వెయ్యరమ్మా."

"నేను వేసుకున్నాను కదండీ."

ఆయన చేసేదిలేక సరేనన్నారు. ఆమె కాలేజీలో జీతం లేని సెలవు పెట్టింది. మొగుడు లిఫ్టు మెకానిక్. విషయం విని, "సరే, వంట నాది. రుచి గురించి మాత్రం ఇంటర్వ్యూలు చెయ్యకు" అన్నాడు.

షిఫ్టు దిగిన పనివాళ్లను ఇళ్లకు చేర్చే బస్సెక్కింది. మొదట్లో ఎవరూ దగ్గరికి రానివ్వలేదు.

"అప్పుడే చెప్పాంగా మేడమ్, మళ్లీ ఏంటి?"

దాచకుండా చెప్పేసింది. "తప్పు నాది. ఆ గదిలో అడగకూడదు. పేర్లు రాయను, ఫోన్ సంచిలోంచి తియ్యను. ఇష్టమైతేనే చెప్పండి."

వెనక సీట్లోంచి సీలు మిషన్ ఆవిడ పకపకా నవ్వింది. "ఆ గాజు గదిలోనా? అక్కడ మా ఆయన పేరడిగినా సార్ మొహం చూసి చెప్పేదాన్ని!"

బస్సంతా గొల్లుమంది. ఆ నవ్వుతో ఒక్కొక్కరే నోరు విప్పారు. తప్పు చూసి ప్యాకింగ్ లైన్ ఆపమన్న మనిషిని మర్నాడే బరువులు మోసే పనిలోకి మార్చారట. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అందరూ చూశారు, అంతే. దిగగానే బస్టాపు బెంచీ మీద కూచుని, విన్నది విన్నట్టు రాసుకునేది.

మొదటి ఇంటర్వ్యూలను పారెయ్యమన్నారు గైడుగారు. పారెయ్యలేదు. గాజు గదిలో చెప్పింది ఒక పక్క, బస్సులో చెప్పింది ఇంకో పక్క పెట్టి, అధ్యాయం మొత్తం కొత్తగా రాసింది. గడువులోపే ఇచ్చేసింది.

వైవాకు వచ్చిన బయటి పరీక్షకుడు నవ్వే రకం కాదు. సరాసరి అక్కడికే వచ్చాడు. "బస్సులో చెప్పిందే నిజమని ఏమిటమ్మా నమ్మకం? మీ జాలి కోసం కల్పించి చెప్పి ఉండొచ్చుగా?"

ఆమె థీసిస్‌లో ఆ అధ్యాయం తెరిచింది.

"ఉండొచ్చు సార్. బస్సు మాట నిజం, గాజు గది మాట అబద్ధం అని నేనెక్కడా రాయలేదు. మనిషి ఒకరే, ప్రశ్న ఒకటే. అడిగిన చోటు మారితే జవాబు మారింది. ఎందుకు మారిందన్నదే నా థీసిస్."

ఆయన పేజీలు వెనక్కి తిప్పాడు. "మరి ఈ మాట మొదట్లోనే చెప్పాలిగా? సగం పుస్తకం చదివేదాకా దాచారేం?"

"మారుస్తాను సార్."

"మార్చండి. అది మార్చాకే డిగ్రీ." పాసైనట్టు కాగితం మీద సంతకం పెట్టి లేచాడు.

వరండాలో గైడుగారు పట్టరాని సంతోషంతో, "ఇంటికెళ్లి హాయిగా పడుకో అమ్మా. మార్చడానికి బోలెడు టైముంది" అన్నారు.

ఆమె అప్పటికే గోడ వెంట ప్లగ్గు వెతుకుతోంది. దొరికింది. ల్యాప్‌టాప్ తెరిచి మొదటి పేజీకి వెళ్లింది.

"మీరెళ్లండి సార్" అంది, తలెత్తకుండానే.