వర్ష పది అడుగులు

గొల్లపల్లి పక్కన మా ఊళ్లో సుస్మిత అంత మొండిమనిషిని నేను చూడలేదు. పెనిమిటి జలపతి మస్కట్‌లో ఉంటాడు. బిడ్డ వర్షకు పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయాయి. నడవదని డాక్టర్లు చెప్తే ఈమె వింటేగా! పాత చీరను తాడులా పేని దర్వాజా నుంచి జామచెట్టు దాకా కట్టింది. పొలం నుంచి రాగానే పిల్ల కాళ్లకు నూనె రుద్ది, ఆ తాడు పట్టించి నడిపించేది. మూడేళ్లకు వర్ష తాడు వదిలి పది అడుగులు వేసింది. పదకొండోది వేయబోతే ఇప్పటికీ పడిపోతుంది.

బడేమో అర కిలోమీటరు. వికలాంగుల పింఛన్ వస్తే ఆటో మాట్లాడుకోవచ్చని సుస్మిత ఆశ. వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు పిల్లను బడి పరీక్షకు తీసుకుపోయినట్టే తీసుకుపోయింది. కొత్త గౌను, రెండు జడలు, రిబ్బన్లు. డాక్టర్ ముందు మంచిగ నడువాలని బస్సులో దారంతా ఒకటే బోధ. పిల్ల ఎనిమిది అడుగులు ఠీవిగా వేసి కుర్చీలో కూర్చుంది. వైకల్యం ముప్పై అయిదు శాతమని రాశారు. నలభై ఉంటేనే పింఛన్. మూడేళ్ల కష్టానికి దక్కింది అదీ. నాకైతే ఒళ్లు మండింది.

ఊరి బడిపంతులుగా అప్పీలు రాసిచ్చింది నేనే. ఈసారి నడిపించకు, ఎత్తుకొని పో అని సలహా ఇచ్చిందీ నేనే.

"అబద్ధం కాదు గద సార్? పడుతది గద?" అని సుస్మిత రెండుసార్లు అడిగింది.

కాదన్నాను.

రెండోసారి చూసిన డాక్టర్ లేచి నిలబడమంటే, వర్ష తల్లి మొహం చూసి కదలకుండా కూర్చుందట. యాభై రెండు శాతం వేశారు. పింఛన్ మంజూరైంది, ఆటో కుదిరింది. అయితే ఎప్పుడైనా ఇంటికి విచారణకు వస్తారని, పిల్ల నడుస్తోందని ఎవరైనా అర్జీ పెడితే పింఛన్ ఆపేస్తారని ఆఫీసులో చెప్పి పంపారు. అయిదేళ్లకు మళ్లీ క్యాంపు.

మొదటిరోజు ఆటో వచ్చినప్పుడు నేనూ వాకిట్లోనే ఉన్నాను. దర్వాజా నుంచి ఆటోకు ఏడడుగులుంటాయి. వర్ష నావైపు చూసి నవ్వుతూ గోడ వదిలింది. సుస్మిత పరుగున వచ్చి, వీధిలోకి అటూ ఇటూ చూసి, పిల్లను చంకనేసుకుంది.

"నేను నడుస్త అమ్మా," అంది వర్ష.

"ఇంట్లనే నడువు బిడ్డా. తలుపేసినంకనే."