పెద్దింటి అరక కన్నా ముందు

రామతులసమ్మ కోపిష్టిదని ఊరంతా అనేవారు. అనక ఏం చేస్తారు, మునిగేది ఆవిడ చేను, గట్టు మీద కూర్చుని నీతులు చెప్పేది వాళ్ళూను.

గోదారికి ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన రోజులవి. కాకినాడ కాలవ కింద అట్టడుగు పల్లంలో ఆవిడకి మిగిలింది ఒక్క చెక్క పొలం. కాలవ నీళ్ళు అక్కడికి చేరేది అందరికన్నా ఆఖర్న, మురుగు చేరేది అందరికన్నా ముందు. తొలకరి పడగానే నారు పోసుకుంటే శ్రావణం వరదకి పైరు తలెత్తి నిలబడుతుంది. ఆలస్యమైతే గింజ ఇంటికి రాదు.

కానీ తొలకరి పడిందని చెప్పాల్సింది మబ్బు కాదట, పల్లంరాజుగారట. ఆయన ఆవిడకి బావగారు, ఊరికి మునసబు. ఆయనగారి పెద్దింటి అరక కదిలి మొదటి చాలు తీస్తేనే ఊళ్ళో ఏరువాక వచ్చినట్టు. అంతవరకూ ఎవడూ కాడి ఎత్తకూడదు. ఆయన పొలం కాలవ పక్కనే, ఆయనకేం తొందర. రామతులసమ్మ మొగుడు పోయాక వరసగా రెండు పంటలు అలాగే ముంపుకి పోయాయి.

ఆ ఏడు మృగశిరలోనే వాన దంచికొట్టింది. అంతకు ముందు తలుపు చాటునుంచే మాట్లాడే మనిషి, తిన్నగా బావగారి అరుగు ముందుకెళ్ళి నిలబడింది.

"అరక ఎప్పుడు కడతారండీ?"

"ఇది అకాల వానమ్మా. పున్నమి వెళ్ళాక మంచిరోజు చూసి చెబుతాను. ఆడవాళ్ళకెందుకీ గోల?" అన్నాడాయన చుట్ట చుట్టుకుంటూ.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి పాలేరు లోవరాజుని అరక కట్టమంది. ఊళ్ళోంచి వెళ్ళగొడతారని వాడు నీళ్ళు నమిలాడు. "అయితే పక్కకి తప్పుకో" అని తనే ఎడ్లను తోలుకెళ్ళి నాగలి మేడి పట్టింది. ఆడది, అందులోనూ మొగుడు పోయినది, ఊరికి మొదటి చాలు తీసింది. చాలు వంకర పోయింది. పోతే పోయింది. పల్లంరాజు చాకలినీ మంగలినీ ఆవిడ గడప తొక్కొద్దన్నాడు. ఊడ్పులకి కూలీలు రాలేదు. సిగ్గుపడి వచ్చిన లోవరాజూ, వాడి పెళ్ళామూ, తనూ కలిసి నాటుకున్నారు.

శ్రావణంలో వరద వచ్చింది. పల్లంలో ఆవిడ పైరొక్కటే నీళ్ళపైకి తలెత్తి నిలబడింది, తక్కిన చేలు కుళ్ళాయి. అప్పుడైనా ఊరికి బుద్ధి వచ్చిందా? ముండమోపి చాలు తీసింది కాబట్టే ముంపొచ్చిందన్నారు.

"మొన్నటి రెండు ముంపులూ ఎవరు తీసిన చాలుకి వచ్చాయిరా?" అని నడివీధిలో నిలదీసింది.

మరుసటి ఏడు తొలివాన వెలిసిన పొద్దున ఆవిడ ఎడ్లతో వెళ్ళేసరికి, పల్లం రైతులంతా అరకలు కట్టుకుని గట్ల మీద నిలబడి ఉన్నారు. పెద్దింటి మాట కోసం ఎవరూ ఆగలేదు. అయినా ఒక్క నాగలీ నేలలో దిగలేదు.

"ఏంటలా నిలబడ్డారు?"

"మీరు మొదటి చాలు తీస్తారని చూస్తున్నాం, వదినగారూ" అన్నాడు పక్క చేను భీమరాజు.

బావగారి మీద కూడా రానంత కోపం వచ్చిందావిడకి. "నేనెవర్తినయ్యా? వానొచ్చిందో లేదో మీ కాళ్ళకింద మట్టి చెప్పట్లేదా? ఆయన్ని దింపి నన్నెక్కించుకుంటారా నెత్తికి? మీ చేలు మీరు దున్నుకోండి" అని ఎడ్లని గట్టున నిలబెట్టేసింది. అన్ని నాగళ్ళూ దిగేదాకా తన మేడి ముట్టుకోలేదు.