వీపు మీద మంసాపురం

ఆ రోజుల్లో తమిళదేశంలోని మా రాజపాళయంలో ఎవరి ఒంటి మీదైనా దద్దురు లేచిందంటే అది ఆ మనిషి సొంత వ్యవహారంగా ఉండేది కాదు. వీధంతా వచ్చి చూసి, తలా ఒక కారణం చెప్పి, తలా ఒక మందు చెప్పి పోయేవారు. ఇప్పుడు దురద పుడితే ఎవరికీ తెలియకుండా ఒక మాత్ర మింగి ఊరుకుంటున్నాం. అప్పుడు నాకు పుట్టిన దురద మాత్రం నా పెళ్లినే సావడికి ఈడ్చింది. (సావడి అంటే మా వీధి పెద్దలు కూర్చుని మంచీ చెడూ తేల్చే మండపం. పెళ్లి మాటలు ఖాయమయ్యేదీ, కాకుండా పోయేదీ అక్కడే.)

నేను కొత్తగా నూలు మిల్లు ఆఫీసులో చేరి, నూలు కండెల సంచి భుజాన వేసుకుని మహా హోదాగా తిరుగుతున్న కాలం. ఒకరోజు ఇంటికొచ్చి చొక్కా విప్పితే, సంచి పట్టీ ఆనిన మేరకు ఎర్రగా ఉబ్బి ఉంది. అమ్మ కెవ్వుమంది. మా అవ్వ, అంటే నాయన తల్లి, నిమ్మళంగా చూసి, "కాణాక్కడిరా ఇది. కంటికి కానరాని పురుగేదో కరిచినాది" అని తేల్చి అటక మీది కంబళి దించమంది. కొండ కింద మా మామిడితోపు కాపలావాళ్లు కప్పుకుని వదిలేసిన కంబళి అది. దాని గరుకు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నన్ను పెరట్లో నిలబెట్టి ఇత్తడి అండాను తోమినట్టు తోమింది. తోమగానే వీపంతా వాతలు తేలాయి. మధ్యాహ్నానికి మాయమయ్యాయి. "చూసినావా, నా కంబళి దెబ్బకు ఎట్ల పారిపోయినాదో!" అంది అవ్వ. మళ్లీ రాకుండా ఉండాలని మర్నాడు పొద్దున కూడా తోమింది. మళ్లీ తేలాయి. ఆ విధంగా నా వైద్యం నెలల తరబడి నిర్విఘ్నంగా సాగింది.

ఇక కారణాల వేట. వంకాయ అన్నారు, మానిపించారు. ఎండుచేప అన్నారు, అదీ పోయింది. వేరుశనగ, మామిడిపండు, చివరికి ఆవకాయ కూడా పోయి నేనూ మజ్జిగన్నమూ మిగిలాం. మా తెల్లకుక్క వెంట్రుకల వల్లనే అని ఎవరో అంటే దాన్ని సత్రపట్టిలో పిన్నమ్మ ఇంటికి పంపేశారు. బండి ఎక్కుతూ అది నా వైపు చూసిన చూపు దద్దుర్లకన్నా ఎక్కువ బాధపెట్టింది.

సరిగ్గా అప్పుడు మంసాపురం నుంచి మా మీసాల మామ దిగాడు. ఆయన మా అమ్మకు అన్న. ఆయన కూతురిని నాకిస్తానని ఎప్పటినుంచో మాట. (ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఈ సంగతి ఆ పిల్లకు తప్ప అందరికీ తెలుసని నా అభిప్రాయం.) మామ తిన్నగా పెరట్లోకి వచ్చాడు. అక్కడ నేను మొలకు తుండు, వీపు నిండా వాతలతో అవ్వ చేతిలో ఉన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. కాఫీ కూడా ముట్టకుండా సావడికి నడిచాడు. వెనకాలే మేమూ పరుగెత్తాం.

"చెల్లెలి కొడుకే, కాదనను. అయితే ఇది పెద్దరోగమో ఏమో! తెలిసి తెలిసి పిల్లను ఎట్ల ఇచ్చేది? మీరే చెప్పండి" అన్నాడు మామ. పెద్దరోగమంటే కుష్ఠు; ఆ మాటకు పెద్దలు కాస్త ఎడంగా జరిగారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన మాత్రం చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి, మద్రాసులో చదివొచ్చిన మా వీధి డాక్టరును వెంటబెట్టుకొచ్చాడు.

డాక్టరు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి బీరువా తాళంచెవి తీశాడు. "ఏమి రాయమంటారు మామా?" అన్నాడు.

"రాసేదేమప్పా? రోగం చూడు!"

"ఏదో ఒకటి చెప్పండి."

"అయితే మా ఊరి పేరు రాయి" అన్నాడు మామ విసుగ్గా.

డాక్టరు తాళంచెవి మొనతో నా వీపు మీద మెల్లగా గీశాడు. తమిళంలోనే రాశాడు. మా ఇళ్లలో మాట తెలుగు, రాత తమిళం. కాసేపటికి సావడిలో ఒకటే కలకలం. మంసాపురం ఎర్రగా, ఉబ్బెత్తుగా, అచ్చేసినట్టు తేలింది! పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా వీపు చదివిపోయారు. కంటి చూపు ఆనని తాత ఒకాయన వేలితో తడిమి చదివాడు. అందరూ కాఫీ తాగి లోటాలు కింద పెట్టేసరికి ఊరు చెరిగిపోవడం మొదలైంది.

"ఇది పెద్దరోగం కాదు, అంటదు. రక్తం చెడలేదు. ఇతని చర్మం తీరే అంత. రుద్దినా, గీసినా, ఒత్తుకున్నా లేస్తాది, తనంతట తనే అణుగుతాది. వంకాయ తిననీయండి. ఆ కంబళి మాత్రం ఆపండి."

"నా కంబళినా అంటావు?" అని అవ్వ లేచింది. డాక్టరు దాన్ని తెప్పించి నా చేతి మీద ఒక్కసారి రుద్దాడు. చారలు తేలాయి. అవ్వ వాటిని చాలాసేపు చూసింది. "అయ్యో, నేనేనా రోజూ వీడికి ఈ వాతలు తెప్పించినది?" అని నా తల నిమిరింది. (తల మీద దద్దుర్లు లేవవు గనక ఆ నిమరడం హాయిగా ఉండింది.)

మామ గట్టిగా నవ్వేశాడు. "ఊరి పేరు వీపు మీద మోసినాడు, ఇంక వీణ్ణి విడిచేదెట్ల? ముహూర్తం చూడండి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. చల్లటి నీళ్లు, వదులు చొక్కా, గులాబీరంగు పూతమందు, ఇంతే నా చికిత్స. సంచి భుజాన వేసుకోవడం మాని చేత పట్టుకున్నాను. కుక్క తిరిగొచ్చింది, నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ జడపిన్నుతో నా వీపు మీద ఏదో రాసి, అద్దం ఇవ్వకుండా నవ్వుతూ పారిపోయింది. ఎవరిని చదవమనేది? అమ్మనా? ఆలోచిస్తూండగానే అది చెరిగిపోయింది.

మొన్న ఎందుకో గుర్తొచ్చి అడిగాను, ఆ రోజు ఏమి రాశావని. "మా నాయన ఊరి పేరు రాయించినాడు గదా. దాని కింద నా పేరు రాసినాను" అంది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. చొక్కా విప్పి మళ్లీ రాయమన్నాను. తల నెరిసిన నన్ను ఎగాదిగా చూసి, గోటితో రాసింది. ఇద్దరం కాచుకుని కూర్చున్నాం.

"ఏమీ తేలలేదు" అంది. "మంచిదే గదా, బాగయిపోయినాది."

మంచిదే. అయినా, బాగయినందుకు మనసు చివుక్కుమనడం నాకు అదే మొదటిసారి.