కురుమయ్యకు రాని మంత్రం

కట్టంగూరు దిక్కు పల్లెల్లో బొక్క విరిగితే నల్గొండ దవాఖానకు పోయేవాళ్లు తక్కువ. కురుమయ్య దగ్గరికి వచ్చేవాళ్లు. గొర్ల విరిగిన కాళ్లకు కట్లు కట్టీ కట్టీ మనుషుల దాకా వచ్చిన చెయ్యి అతనిది. నేర్పినవాళ్లు లేరు. వాచిన చోట వేలు ఆనిస్తే లోపల బొక్క ఎటు జరిగిందో తెలిసిపోయేది.

అసలు పని లాగడంలో ఉంది. ఆ క్షణంలో మనిషి బిగుసుకుంటే బొక్క చోటికి రాదు. అందుకని ముందు మాటల్లో దించేవాడు. గొర్లకాపరి అయితే, "కండ్లు మూసుకొని మందను దొడ్లెకు తోలు. ఒక్కొక్కదాన్ని పేరువెట్టి పిలువు" అనేవాడు. సాలాయన అయితే మాటల్లోనే మగ్గం ముందు కూర్చోబెట్టేవాడు. ఒకే తీరుగా, మెల్లగా మాట్లాడుతుంటే ఆ మనిషి భుజాలు దిగేవి, ఊపిరి నెమ్మదించేది. అప్పుడు లాగేవాడు.

చూసినవాళ్లు దానికి మంత్రమని పేరు పెట్టారు. కురుమయ్య కండ్లలోకి చూస్తే మనిషి సోయి తప్పుతాడని, అడిగిందల్లా చెప్తాడని, అతను లెమ్మనకపోతే లేవనే లేవడని. ఒక పటేలు కాలు కడుతూ, పాతిపెట్టిన బంగారం జాగా కూడా అడిగి తెలుసుకున్నాడట.

"గా బంగారమేదో నాకు గూడ జర జూపియ్యి" అంది భార్య సత్తమ్మ. "లేదని జెప్పరాదు మందికి?"

"నమ్మినోడు తక్కువ బెదురుతడు. నాకేం పోతాంది?"

పోలీసు చర్య అయిన మరుసటేడు ఊరి దొర గడిలో పోలీసు క్యాంపు పడింది. బెజవాడ దిక్కు నుంచి వచ్చిన సబిన్‌స్పెక్టరు ఒకనాటి మధ్యాహ్నం కురుమయ్యను పిలిపించాడు. గోడకు ఆనుకొని భిక్షం కూర్చున్నాడు. కల్లు గీసేవాడు. దళాలు కట్టి అడవిలో తిరుగుతున్న సంఘపోళ్లకు చీటీలు మోస్తున్నాడని పట్టుకొచ్చి, ఎడమ చెయ్యి విరగ్గొట్టారు.

"కళ్లల్లోకి చూసి నిజం కక్కిస్తావటగా. చెయ్యి కట్టు, అలాగే దళానికి అన్నం పెట్టేదెవరో అడుగు" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"గది ఉత్తదే సారూ. నిద్రగాదు. అన్ని ఇనవడ్తనే ఉంటయి. చెప్పొద్దనుకున్నది ఎవ్వడు చెప్పడు."

"మరి ఇన్నేళ్లూ కాదని ఎందుకనలేదు?"

కురుమయ్య పోయి భిక్షం ముందు కూర్చున్నాడు.

"తాటిచెట్టుకు మోకు ఏసుకో భిక్షం. పొద్దుగాల్ల చల్లగున్నది. ఒక్కొక్క గంటు చూసుకుంట ఎక్కు. తొందరేం లేదు."

భిక్షం కండ్లు మూతపడ్డాయి. కొంతసేపటికి నుదుటి ముడత విప్పుకుంది. కురుమయ్య లాగాడు. బొక్క చోటికి వచ్చింది. భిక్షం మూలగలేదు.

"అడుగు" అన్నాడు సబిన్‌స్పెక్టరు. ఆగలేక తనే అడిగాడు. "యాదమ్మ ఇంటికి ఎన్నిసార్లు పోయావురా?"

భిక్షం కండ్లు తెరవలేదు. "మా ఊర్ల ముగ్గురు యాదమ్మలున్నరు సారూ. ముగ్గుర్ల ఒక్కతి గూడ నాకు అన్నం పెట్టలే."

ఒక జవాను నవ్వబోయి ఆపుకున్నాడు.

మరునాడు పొద్దున చెరువుకట్ట దగ్గరి యాదమ్మ ఇంటిమీద పడ్డారు. ఆమె పెనిమిటి పోచయ్యను నల్గొండ జైలుకు తోలారు. అడ్డం పోయిన యాదమ్మను నెట్టేస్తే కుడి మణికట్టు విరిగింది. కురుమయ్య మంత్రమేసి పేరు గుంజాడని సాయంత్రానికి ఊరంతా అనుకుంది. మూడోనాడు భిక్షాన్ని పూచీ మీద వదిలారు. అతను కూడా అదే మాట అన్నాడు.

కురుమయ్య అతని గుడిసెకు పోయాడు.

"పేరు తీసింది సబిన్‌స్పెక్టరు. ముగ్గురు యాదమ్మలని నువ్వే అంటివి గదరా. అంతా యాదికున్నది నీకు."

"ఉన్నది మామా. చెప్తే నమ్ముతరా? క్యాంపుల వడి పానంతోని బయటికొచ్చినోన్ని. నువ్వు గుంజలేదంటే నేనే చెప్పిన్నంటరు. దళమోళ్లు నన్ను బతకనియ్యరు." కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. "నిన్నేమనరు మామా. బొక్కలు విరిగేటి రోజులు. నీ చెయ్యి అందరికీ గావాలె."

కురుమయ్య కట్టు బిగువు ఒకసారి చూసి, తడి తగలనియ్యకుమని చెప్పి లేచాడు.

అటునుంచే కట్టుకు వెదురు బద్దలు తీసుకొని యాదమ్మ ఇంటికి పోయాడు. ఆమె చెయ్యి కుండలా వాచి ఉంది. అతన్ని చూడగానే కొంగు కండ్లమీదికి లాక్కుంది.

"జర చెయ్యి సూడనియ్యి చెల్లె. మాట్లాడ. ఏం అడగ."

"నా పేరు గుంజి నా మొగుణ్ని జైలుకు తోలిస్తివి. ఇంకెవలి పేరు గావాలె నీకు? నడువు."

ఒక్క మాట చెప్తే చాలు, నిజం ఆమెకు తెలిసేది. ఆ మాట భిక్షం మెడమీద పడేది. కురుమయ్య బద్దలు పట్టుకొని వాకిట్లోంచే వచ్చేశాడు.

రెండు నెలల తర్వాత యాదమ్మ బాయి దగ్గర ఎడమచేత్తో బిందె ఎత్తుకుంటుంటే చూశాడు. కుడి మణికట్టు రెండు వేళ్ల మందం బయటికి వంగి కూడింది. మొదటి పది దినాల్లో పట్టి ఉంటే సరయ్యేది. ఇప్పుడు మళ్లీ విరిస్తే తప్ప కాదు.