చల్లారనీ

ఎవరు తొందరపెట్టినా మా మేనత్త "చల్లారనీ" అనేది. మామయ్య పోయాక మూలపడ్డ పాత బీటిల్ కారు ఇంజిన్‌ను కావలిలో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకుని, తనే విప్పి బిగించింది. స్టార్ట్ చేసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. అది తిరిగింది గానీ టకటకా కొట్టుకుంది. అప్పటికే ఆమె బావగారు, అంటే మామయ్య అన్న, పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చారు.

"నడవకపోతే ఇచ్చేస్తానంటివి గదమ్మా. ఇంకేంది?"

"వాల్వుల దగ్గర సందు సరిచెయ్యాల బావగారూ. వేడిమీద కొలిస్తే తప్పొస్తాది. చల్లారనీండి."

"ఆడదానివి, నీకెందుకమ్మా ఇయన్నీ?"

బీటిల్‌కు ఇంజిన్ వెనకవైపు ఉంటుంది. అత్త అక్కడే పీట వేసుకుని, ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి చూస్తూ మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఇనుము కొనేవాడు విసుగెత్తి వెళ్లిపోయాడు. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, ఒక్కో వాల్వు దగ్గర సన్నటి కొలత రేకు దూర్చి, అది పట్టీపట్టనట్టు జారేదాకా స్క్రూ తిప్పింది. వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుని స్టార్ట్ చేసింది. ఈసారి టకటక లేదు. ఇంజిన్ హాయిగా తిరిగింది.

బావగారి ముఖం వెలిగింది. "పక్కకు జరగమ్మా, బోగోలు దాకా నేను నడుపుతా" అంటూ తలుపు పట్టుకున్నారు.

అత్త స్టీరింగ్ వదల్లేదు.

"వస్తే పక్క సీట్లో కూర్చోండి బావగారూ."

ఆయన అక్కడే నిలబడిపోయారు. నేను వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాను.