తెల్ల వైరు పక్క స్పీకరు

నా తమ్ముడు సూరి మెట్ల మీద జారిపడలేదు. నేను కొట్టాను. పదిహేనేళ్లుగా దాచిన ఈ మాట ముందు చెబితేనే మిగతాది చెప్పగలను.

దయ్యాల కథలు వింటే నవ్వే మనిషిని నేను. బెంగాలీల నడుమ, లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. చప్పుడు వస్తే కారణం వెతకడమే నా పని.

చెల్లి పెళ్లయిన నెలకు, పెళ్లి డీవీడీ చూడటానికి బావగారి వాళ్లు మా క్వార్టర్‌కు వచ్చారు. ప్లేయర్‌ని టీవీకి నేనే కలిపాను. బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. సూరి టీవీ వెనక్కి వంగి చూసి నవ్వాడు.

"ఏటన్నయ్యా, ఎర్రదీ తెల్లదీ అవుట్‌లో గుచ్చేసినావు! ఇన్‌లో కదా పెట్టాల. నీ చేతిలో పడ్డ రైళ్లు ఎలాగ నడుస్తన్నాయో మరి!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

బావగారి వాళ్లను బస్సెక్కించడానికి అమ్మ వెళ్లగానే ప్లేయర్‌ని వైర్లతో సహా పెరికి, దాని ఇనుప అంచుతో వాడి ఎడమ చెవి మీద కొట్టాను. గోడకు గుద్దుకుని కూలిపోయాడు. నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. ఆస్పత్రిలో డాక్టరుకూ అమ్మకూ ఒకే మాట చెప్పాను: "మెట్ల మీద జారిపడ్డాడు." వాడు కాదనలేదు.

ఆ చెవి పోయింది. రైల్వే పరీక్ష పాసైనవాణ్ణి మెడికల్‌లో తిప్పి పంపేశారు. ఖిదిర్‌పూర్‌లో టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. అమ్మ నా మాట నమ్మే పోయింది.

కిందటేడు ఒక ఆదివారం, అమ్మ గొంతు వినాలనిపించి ఆ డిస్కు పెట్టాను. అదే ప్లేయర్, అంచున సొట్ట అలాగే ఉంది. పసుపు వైరు బొమ్మకు, ఎరుపు కుడి స్పీకరుకు, తెలుపు ఎడమకు. ఈసారి ఇన్‌లోనే పెట్టాను. ఎడమ పక్క శబ్దం లేదు. మొనలు తుడిచాను, బజారుకెళ్లి కొత్త వైర్లు తెచ్చాను. లాభం లేదు. విసిగి ఎరుపూ తెలుపూ రెండూ లాగేశాను.

అప్పుడు ఎడమ స్పీకరు మోగింది. మూడు దెబ్బలు. ఇనుము ఎముకకు తగిలే చప్పుడు. అన్నాళ్లూ ఒక్కటే కొట్టానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాదు, మూడు. తర్వాత నా గొంతు: "మెట్ల మీద జారిపడ్డాడు."

తెర మీద అమ్మ పెళ్లివాళ్లకు గంధం రాస్తోంది. ఆ డిస్కు నేను కొట్టకముందే తయారైంది. వైర్లు నా చేతిలోనే ఉన్నాయి.

వంటగదిలోంచి నా భార్య కేకేసింది: "ఎవులు పడిపోనారు? ఏటా సప్పుడు?"

ప్లేయర్‌నీ డిస్కునూ సంచిలో వేసుకుని సూరి కొట్టుకు వెళ్లాను. వాడు కలిపి, ఒక్కో స్పీకరుకూ కుడి చెవి ఆనించి విన్నాడు. "రెండు పక్కలా బాగానే మోగుతంది కదన్నయ్యా. మళ్లీ ఏటి తిరగేసినావు?"

కారణం నాకు ఇప్పటికీ తెలియదు.

వాడి పక్కన నిలబడి, వచ్చిన పని చెప్పాను. వాడు తలెత్తలేదు. స్క్రూలు బిగిస్తూనే ఉన్నాడు. భుజం తడితే ఇటు తిరిగాడు.

"ఏదో అన్నావా? కుడేపు రా అన్నయ్యా. అటు చెప్తే నాకినపడదు కదా."

కుడి పక్కకు వెళ్లాను. కొట్లో గిరాకీలున్నారు, ఇద్దరు మన తెలుగువాళ్లే. అయినా గట్టిగానే చెప్పాను.

"మూడుసార్లు కొట్టానురా సూరీ. అమ్మకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు."